ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి: ఇంటి వంటలో ఉప్పు తగ్గించుకునే పద్ధతి

కొత్త కిలో ఉప్పు ప్యాకెట్ కత్తిరించే రోజు దాని మీద తేదీ రాయండి. ప్యాకెట్ పారేసే అలవాటుంటే డబ్బా మూత లోపలివైపు చిన్న కాగితం అంటించి దాని మీద రాయండి. ఇవాళ్టికి చేయాల్సింది అంతే. వంటలో ఇంకేమీ మార్చొద్దు. ముఖ్యంగా ఉప్పు తగ్గించొద్దు.

తగ్గించే ముందు ఎంత తింటున్నామో తెలియాలి కదా. "మా ఇంట్లో ఉప్పు తక్కువేనండీ" అనని ఇల్లు నాకింతవరకూ తగల్లేదు. మేమూ అదే పాట పాడేవాళ్ళం. మామయ్యగారికి బీపీ నూట యాభై దాటినప్పుడు డాక్టరుగారు మందు రాసి, "ఉప్పు తగ్గించండి" అన్నారు. ఎంత, ఎక్కడ అని మేం అడగలేదు. ఇంటికొచ్చి ఆ పూటే చప్పిడి పప్పు, చప్పిడి కూర మొదలుపెట్టాం. నాలుగో రోజుకి ఆయన కంచం పక్కకి ఆవకాయ జాడీ వచ్చి చేరింది. వారం తిరిగేసరికి అప్పడాలు కూడా. మేం ఇంట్లో ఉప్పు తగ్గించామనుకున్నాం గానీ అది పప్పులోంచి జాడీలోకి మారిందంతే. ఆ తర్వాత పద్ధతి మార్చి మళ్ళీ మొదటి నుంచీ చేసుకొచ్చాం. కింద రాసేదంతా ఆ రెండో ప్రయత్నం సంగతి.

మొదటి పని: ప్యాకెట్ లెక్క

పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ మాటా అదే. ఉప్పులో సోడియం ఐదింట రెండు వంతులుంటుంది. అంటే 5 గ్రాముల ఉప్పులో సుమారు 2 గ్రాముల సోడియం. ఆ 5 గ్రాములు మెత్తటి ఉప్పయితే తలకొట్టిన టీ చెంచాకి ఇంకాస్త తక్కువ. ఇది రోజు మొత్తానికి, టిఫిన్ నుంచి రాత్రి మజ్జిగ దాకా.

ఇప్పుడు ప్యాకెట్ దగ్గరికి రండి. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోతే తలా 10 గ్రాములు తింటున్నట్టు. వెయ్యిని ముందు రోజులతో భాగించండి, తర్వాత మనుషులతో భాగించండి, మీ ఇంటి అంకె వస్తుంది. చిన్నపిల్లల్ని సగం మనిషిగా వేసుకోండి. మధ్యాహ్నం బయట తినేవాళ్ళనీ, వచ్చిపోయే చుట్టాలనీ ఉజ్జాయింపుగా కలుపుకోండి.

ఉప్పు వంటకే కాదు, ఇంట్లో సవాలక్ష పనులకి వాడతాం. వంకాయ ముక్కలు నల్లబడకుండా వేసే ఉప్పునీళ్ళు, గొంతు పట్టేస్తే పుక్కిలించేది, ద్రాక్షపళ్ళు కడిగేది, దిష్టి తీసేది. వాటన్నిటికీ విడిగా కాస్త కల్లుప్పు పెట్టుకోండి. లెక్క చెడకుండా ఉంటుంది.

మా ఇంట్లో ప్యాకెట్ 27 రోజులకి అయిపోయింది. నలుగురం. తలా 9 గ్రాముల పైమాటే. ఆవకాయ, అప్పడం, మా ఆయన ఆఫీసు క్యాంటీన్ సాంబారు ఇందులో లేవు. ఎక్కడో తప్పు చేశానని రెండోసారి లెక్క కట్టాను. తర్వాత తెలిసింది, అంకె కొత్తదేమీ కాదని. ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో 1,395 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2017లో అచ్చయింది. అందులో మనవైపు సగటు రోజుకు 9.5 గ్రాములకు కాస్త అటూఇటూ. ఢిల్లీ, హర్యానా వాళ్ళది 8.6. వాళ్ళు ఎవరినీ "ఎంత తింటారు" అని అడిగి రాసుకున్న లెక్క కాదది. తిన్న సోడియంలో తొంభై శాతం దాకా మూత్రంలోనే పోతుంది కాబట్టి 24 గంటల మూత్రం పట్టి కొలిచారు. మన వంటింటికి ప్యాకెట్ చాలు.

ఆ ఉప్పు ఎక్కడినుంచి వస్తోందన్నదే అసలు సంగతి. అమెరికాలో 1991లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం వాళ్ళు తినే సోడియంలో 77 శాతం ఫ్యాక్టరీలో, హోటల్లో పడ్డదే. వంటింట్లో వేసింది 5 శాతం, బల్ల మీద చల్లుకున్నది 6 శాతం. మన దగ్గర తలకిందులు. దక్షిణాదిలో ఉప్పులో ఎనభై శాతం పైన ఇంట్లో మనం చేత్తో వేసిందే. అమెరికాలాగే ఫ్యాక్టరీ తిండి ఎక్కువ తినే ఇంగ్లండు వాళ్ళు రొట్టె చేసే కంపెనీలని పట్టుకుంటే పని జరిగింది. 2001 నుంచి 2011 లోపు అక్కడ బ్రెడ్డులో ఉప్పు 20 శాతం తగ్గింది, కొనేవాళ్ళు పోల్చుకోనంత మెల్లగా తగ్గించారు. మనకి ఆ దారి లేదు. చిప్స్ మానేయండి, డబ్బా సూపులు మానేయండి అని అక్కడి సలహాని మోసుకొచ్చి మనవాళ్ళకి చెబితే, అసలు ఆ డబ్బా సూపు ముఖం చూడనివాళ్ళకి ఏం ఉపయోగం? చెప్పాల్సింది పోపుల డబ్బా దగ్గర నిలబడ్డ మనిషికి.

రెండో పని: చేతి కొలతని తూకం వేయండి

మా ఇంట్లో ఆ మనిషి అత్తయ్య. చెంచా పెట్టి ఉప్పు వేయడం ఆవిడకి చిన్నతనం. డబ్బాలో చెయ్యి పెట్టి మూడు వేళ్ళతో తీస్తారు, కూరని బట్టి నాలుగో వేలు కలుస్తుంది. వండుతూ రుచి చూడరు. అయినా ఏనాడూ తప్పలేదు. అలాంటి చేతిని "తగ్గించండి" అంటే ఏం తగ్గిస్తుంది? దానికి అంకె తెలియదు.

కాబట్టి ఇలా చేయండి. ఒక్క గ్రాము కూడా చూపించే చిన్న వంటింటి తూకం తెచ్చుకోండి. వండేవాళ్ళ పద్ధతి మార్చొద్దు. గిన్నెలో వేయబోయే ఉప్పుని ముందు ఒక చిన్న కటోరీలో వేయమనండి. మీరు తూచి కాగితం మీద రాసి, కటోరీ వాళ్ళకే ఇచ్చేయండి. మూడు రోజులు చాలు.

"ఉప్పు తూస్తావేంటమ్మాయ్, బంగారమా?" అన్నారు అత్తయ్య మొదటి రోజు. రెండో రోజు సాయంత్రం తనే వచ్చి కాగితం చూసుకున్నారు. ఒక రోజు లెక్క ఇదీ: ఉప్మాలోకి 7 గ్రాములు, కొబ్బరి పచ్చడిలోకి 3, పప్పులోకి 8, బెండకాయ వేపుడులోకి 5, చారులోకి 9, రాత్రి మజ్జిగన్నంలోకి అందరూ వేసుకున్నది కలిపి 3. మొత్తం 35.

చారు దగ్గర ఇద్దరం ఆగాం. పలచగా, నీళ్ళలా ఉండే చారులోకే అన్నిటికన్నా ఎక్కువ పడుతోంది. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. లీటరు నీళ్ళకి రుచి రావాలంటే అంత పడుతుంది, పైగా మనం అన్నంలో ఉప్పు వెయ్యం. కంచంలో కొండలా ఉన్న చప్పటి అన్నానికి సరిపడా ఉప్పంతా కూరా, పప్పూ, చారే మోసుకురావాలి. మన కూరలు విడిగా చెంచాతో తింటే ఉప్పగా అనిపించేది అందుకే. మీ ఇంటి కాగితంలో మీకూ ఇలాంటి గీత ఒకటి కనబడుతుంది, ముందు దాన్నే పట్టుకోండి.

మూడో పని: పదో వంతు, పదిహేను రోజులు

నాలుక మొండిది గానీ మూర్ఖురాలు కాదు. ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీదే పనిచేసే మోనెల్ అనే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివాళ్ళు 1982లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిచేత ఐదు నెలల పాటు సోడియం తక్కువ తిండి తినిపించారు. మొదట్లో చప్పగా ఉందన్నవాళ్ళకే రెండు మూడు నెలలు గడిచేసరికి తక్కువ ఉప్పున్న సూపు, బిస్కెట్లు ఎక్కువ నచ్చడం మొదలైంది. పాత మోతాదు ఎక్కువనిపించింది. అంటే నాలుకకి కావాల్సింది గడువు. మేం మొదటిసారి ఇవ్వనిది అదే.

పద్ధతి ఇది. పొద్దున్నే ఆ రోజు మొత్తం వంటకి కావాల్సిన ఉప్పు తూచి ఒక గిన్నెలో పెట్టండి. మేం దాన్ని "రోజు గిన్నె" అంటాం. ఉప్పు డబ్బా పై అరలోకి ఎక్కించేయండి. ఆ రోజు ఏ వంటకైనా ఉప్పు ఈ గిన్నెలోంచే. మొదటి పదిహేను రోజులు 35కి బదులు 32 గ్రాములు. తర్వాత 29, ఆపైన 26, 23, 21. పది, పన్నెండు వారాల్లో 20 చుట్టూ వచ్చి ఆగుతుంది. మీ అంకె వేరైతే మెట్లు వేరవుతాయి. ఏ మెట్టులోనూ మీ మొదటి అంకెలో పదో వంతుకి మించి తగ్గకుండా చూసుకోండి. ఏదైనా మెట్టు దగ్గర ఇంట్లో సణుగుడు మొదలైతే ఇంకో పదిహేను రోజులు అక్కడే ఉండిపోండి. వెనక్కి మాత్రం పోవద్దు.

ఈ గిన్నెలో ఇంకో సుఖం ఉంది. పొద్దున ఉప్మాలో చెయ్యి జారితే మధ్యాహ్నం చారు దగ్గర సర్దుకోవాల్సి వస్తుంది. వండేవాళ్ళే బడ్జెట్ వేసుకుంటారు. మా అత్తయ్య పదో రోజు నుంచి "ఇవాళ గిన్నెలో ఇంకా మిగిలింది" అని గొప్పగా చూపించేవారు.

వండేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ చెప్పకండి. "ఉప్పు తగ్గించాం" అన్న మాట చెవిన పడ్డ మరుక్షణం ప్రతి ముద్దా చప్పగానే ఉంటుంది.

నాలుగో పని: ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి

తోటకూర కట్టలు తరిగి బాణలిలో వేస్తే అంచు దాటి పొంగుతుంది. ఆ కొండని చూసి ఉప్పు వేస్తాం. ఐదు నిమిషాల్లో అది గుప్పెడవుతుంది, ఉప్పు మాత్రం కొండంతకి వేసింది. పాలకూర, బచ్చలి, గోంగూర అన్నిటికీ ఇదే గతి. ఆకు పూర్తిగా వాడి, నీరు ఇగిరాక వేయండి. ఒక్క ఆకుకూరలోనే మాకు సగానికి దగ్గరగా తగ్గింది, ఎవరికీ తేడా తెలియలేదు.

వేపుళ్ళలో ఉప్పు దించే ముందు చల్లండి. ముక్క లోపలికి ఇంకకుండా పైనే ఉన్న ఉప్పు నాలుకకి ముందు తగులుతుంది, అందుకని తక్కువతో సరిపోతుంది. పులుసుకి, పప్పుకి ఈ చిట్కా పనిచేయదు. ముక్కలోకి దిగకపోతే పులుసు వేరు, ముక్క వేరు అయిపోతాయి. అక్కడ పులుపు మీద ఆధారపడండి. నిమ్మరసం, మామిడికాయ, చుక్కకూర, చింతచిగురు ఏది దొరికితే అది. పులుపు కాస్త పైన ఉన్న వంటలో ఉప్పు లోటు పట్టుబడదు. వేయించిన నువ్వులపొడి, వెల్లుల్లి, ఇంగువ పోపు, చివర్లో దూసిన కొత్తిమీర కూడా అలాగే ఆదుకుంటాయి. కాకరకాయ దగ్గర జాగ్రత్త. ఉప్పు చేదుని అణిచిపెడుతుంది. దాన్ని తగ్గిస్తే కాకరకాయ అసలు రంగు బయటపడుతుంది. కాకరకాయ జోలికి మేం చివరి మెట్టు దాకా పోలేదు.

చారు, సాంబారు పొయ్యి మీద ఉండగా ఉప్పు సరిగ్గా ఉందంటే మధ్యాహ్నం మళ్ళీ వేడిచేసి వడ్డించేసరికి ఎక్కువైపోతుంది, నీళ్ళు ఇగిరిపోతాయి కాబట్టి. పొయ్యి మీద "కొంచెం తక్కువైందేమో" అనిపించే దగ్గర ఆపండి. ఇడ్లీ, దోసె పిండి పులియడానికి ఉప్పు అక్కర్లేదు. పులిశాక, ఆ పూటకి తీసుకున్న పిండిలోనే వేసుకోండి. చపాతీ పిండిలో మానేయండి, ఎటూ కూరతోనే తింటాం.

ఇక్కడో చిక్కుంది. కూరలో ఉప్పు తగ్గితే అన్నంలోకి కూర ఎక్కువ కలుపుకుంటారు. మా ఇంట్లో బెండకాయ వేపుడు అరకిలో చాలేది, ఇప్పుడు ముప్పావు కావాలి. లెక్క చూస్తే తగ్గించిన ఉప్పులో కొంత అలా వెనక్కి వస్తోందన్నమాట. నేనైతే దాన్ని లాభంలోనే రాసుకున్నాను. అన్నం తగ్గి కూరగాయ పెరిగింది.

జాడీ సంగతి

ఆవకాయకి మా ఇంటి కొలత: కిలో మామిడి ముక్కలకి పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, 225 గ్రాముల ఉప్పు, నాలుగు వందల గ్రాముల నూనె. అంతా కలిపితే రెండు కిలోల పైచిలుకు. అందులో పదో వంతు పైన ఉప్పే. పప్పన్నంలోకి వేసుకునే పెద్ద బద్ద, దాని గుజ్జు కలిపి 20 గ్రాములుంటే అందులో 2 గ్రాముల ఉప్పు. అంటే రోజు కోటాలో ఐదింట రెండు వంతులు ఒక్క బద్దతో అయిపోయాయి.

అలాగని జాడీలో ఉప్పు తగ్గించి పెట్టకండి. ఆవకాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, ఏడాది పొడుగునా బూజు పట్టకుండా కాపలా కాసేది అదే. తగ్గించాలనుంటే చిన్న సీసాడు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి నెలలో ముగించేయండి. పెద్ద జాడీ పద్ధతి ప్రకారమే ఉండనిచ్చి, కంచంలోకి వచ్చే ముక్కని తగ్గించండి. వేసవిలో పెట్టేటప్పుడే బద్దలు చిన్నగా కొట్టించుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆవకాయ ఉన్న పూట అప్పడం ఉండకూడదన్నది మా ఇంటి చట్టం. అప్పడాల పిండిలో ఉప్పుతోపాటు సోడాకారం కూడా పడుతుంది, అదీ సోడియమే. బజ్జీల్లో, పునుగుల్లో వేసే వంటసోడా బరువులో నాలుగో వంతు పైన సోడియం. ఊరమిరపకాయలు, వడియాలు ఇదే జాతి. ఎండుచేపల్ని వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండుకోండి, కూరలో విడిగా ఉప్పు వేయకండి.

కొన్న సరుకు

ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణించండి, ఉప్పు వస్తుంది. వంద గ్రాములకి 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. బ్రిటన్‌లో వంద గ్రాములకి ఉప్పు ఒకటిన్నర గ్రాము దాటితే ఎర్ర గుర్తు వేస్తారు. ఆ గీత మీరూ వాడుకోవచ్చు. నూడుల్స్, సాస్, చాట్ మసాలా, రెడీమేడ్ పొడుల మీద ఒక్కసారి చూస్తే చాలు, ఏది ఎంతో గుర్తుండిపోతుంది. తియ్యగా ఉంది కదా అని బిస్కెట్లని, బ్రెడ్డుని వదిలేయకండి.

సైంధవ లవణం, గులాబీ ఉప్పు, కల్లుప్పు మంచివని వాట్సాప్‌లో వస్తుంటుంది. అన్నీ దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. కల్లుప్పు చెంచాకి తక్కువ పడుతుంది, గ్రాములకి గ్రాములు తూస్తే తేడా లేదు. పైగా వీటిల్లో చాలావాటికి అయోడిన్ కలపరు. ఉప్పు తగ్గించుకుంటున్న ఇంట్లో ఆ తినే కాస్తా అయోడిన్ ఉప్పే అయ్యుండాలి. గర్భిణులుంటే మరీను. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టండి.

పొటాషియం కలిపిన ఉప్పు కొనాలా?

తక్కువ సోడియం ఉప్పు అని దొరికేదాంట్లో సోడియం క్లోరైడ్‌లో కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. దీని వెనక గట్టి పరిశోధనే ఉంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మందిని తీసుకున్నారు, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళు, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళు. సగం పల్లెలకి మామూలు ఉప్పు, సగం పల్లెలకి 75 పాళ్ళు సోడియం, 25 పాళ్ళు పొటాషియం కలిపిన ఉప్పు. దాదాపు ఐదేళ్ళు చూశారు. ఫలితం 2021లో వచ్చింది. పొటాషియం ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. అక్కడా మనలాగే ఉప్పు ఇంట్లో చేత్తో వేసేదే. కాబట్టి మనకి బాగా వర్తించే పరీక్ష ఇది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పు వాడుకోవచ్చని, కొన్ని షరతులతో, సూచించింది.

ఆ షరతుల దగ్గర నిదానించండి. మూత్రపిండాలు బాగా పనిచేయనివాళ్ళకి ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది. గర్భిణులకి, పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సూచించలేదు. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి మందులు, లేదా స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్ళకి ఆ మందులే పొటాషియాన్ని పట్టి ఉంచుతాయి. మన దగ్గర బీపీ బిళ్ళ వేసుకునేవాళ్ళలో ఎంతమంది టెల్మిసార్టాన్ మీద ఉన్నారో మందుల షాపువాళ్ళని అడిగితే చెబుతారు. ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు బయటపడకుండా లోపల ముదిరినవాళ్ళు ఉంటారు. అక్కడివాళ్ళు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకోకుండా ఈ ఉప్పు ప్యాకెట్ ఇంట్లోకి తీసుకురాకూడదనే నా అభిప్రాయం. మామయ్యగారికి పరీక్ష చేయించి, డాక్టరుగారిని అడిగాం. వద్దన్నారు. కొనలేదు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి పొటాషియం కావాలంటే పప్పులు, ఆకుకూరలు, అరటిపండు, కొబ్బరినీళ్ళు ఉండనే ఉన్నాయి.

"ఉప్పు తగ్గిస్తేనే ప్రమాదమట" అని ఎవరైనా పంపిస్తే

పంపిస్తారు, తప్పకుండా. దాని మూలం తెలిస్తే కంగారుండదు. 2014లో 17 దేశాల్లో లక్ష మందికి పైగా మనుషులతో చేసిన ప్యూర్ అనే అధ్యయనం వచ్చింది. రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం తీసుకునేవాళ్ళకి ముప్పు తక్కువనీ, అంతకు పైనున్నవాళ్ళకీ కిందున్నవాళ్ళకీ ఎక్కువనీ తేల్చింది. ఆ లెక్కన మన తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే మూడున్నర గ్రాముల పైన సోడియం, భేషుగ్గా ఉన్నట్టే. కానీ ఒక్కొక్కరి రోజువారీ ఉప్పుని వాళ్ళు పొద్దున పూట ఒక్కసారి పట్టిన మూత్రంతో అంచనా కట్టారు. నిన్న రాత్రి పులిహోర తిన్నవాడికీ, ఉపవాసమున్నవాడికీ పొద్దున లెక్క వేరు కదా. పైగా జబ్బున పడ్డవాడు తిండి తగ్గించి ఉంటాడు. ఉప్పు తక్కువై జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి ఉప్పు తగ్గిందా అన్నది అలాంటి లెక్కలో విడదీయడం కష్టం. అమెరికాలో బీపీ నివారణ కోసం చేసిన పరీక్షల్లో ఒక్కొక్కరి దగ్గర 24 గంటల మూత్రం పలుమార్లు పట్టారు. వాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే, ఉప్పు తగ్గేకొద్దీ ముప్పు తిన్నగా తగ్గుతూ పోయింది, కింద మళ్ళీ పైకి లేవలేదు. శాస్త్రవేత్తల మధ్య ఈ తగాదా ఇంకా ఉంది. ఇంట్లో బీపీ మనిషి ఉన్న మాకు మాత్రం ఏ పక్షం నిలబడాలో సందేహం కలగలేదు.

ఫలితం కొలిచి చూసుకోండి

బీపీ మీద ఉప్పు ప్రభావం ఏళ్ళకి గానీ కనబడదనుకుంటారు. 2023లో అమెరికాలో 50 నుంచి 75 ఏళ్ళ వయసున్న 213 మందికి ఒక వారం ఉప్పు బాగా ఎక్కువ, ఒక వారం బాగా తక్కువ తిండి పెట్టి చూశారు. రెండు వారాల మధ్య పై అంకెలో తేడా 8 పాయింట్లు. మనం మెట్లు దిగుతున్నాం కాబట్టి మెల్లగా వస్తుంది.

రోజు గిన్నె మొదలుపెట్టే ముందు ఒక వారం, మూడు నెలల తర్వాత ఒక వారం కొలవండి. మణికట్టుకి పెట్టేది కాకుండా జబ్బకి చుట్టే యంత్రం వాడండి. కాఫీ తాగిన అరగంట లోపు వద్దు. వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం. వారం మొత్తం సగటు చూడండి, ఏ ఒక్క అంకెనీ పట్టించుకోకండి. తగ్గింది కదా అని బిళ్ళ మీరే ఆపేయొద్దు. ఆ కాగితం డాక్టరుకి చూపించండి, తగ్గించాలో లేదో వాళ్ళు చెబుతారు.

కొందరు ఈ పని మొదలుపెట్టే ముందే డాక్టరుని అడగాలి. మూత్రం ఎక్కువ పోయే బీపీ బిళ్ళలు వాడే పెద్దవాళ్ళలో సోడియం మరీ పడిపోయి మాట తడబడడం, మగతగా ఉండడం జరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళ లెక్క వేరు. ఎండలో పొలం పనికి, కూలి పనికి పోయేవాళ్ళు వడగాడ్పుల్లో ఉప్పేసిన మజ్జిగ మానక్కర్లేదు. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినట్టే కలపాలి, ఉప్పు లెక్క అప్పుడు పక్కన పెట్టేయండి. అన్నప్రాసన అయిన పసివాళ్ళకి మాత్రం ఏడాది నిండేదాకా తిండిలో ఉప్పు వేయకండి, వాళ్ళకి చప్పదనం అంటే ఏంటో ఇంకా తెలియదు.

చుట్టాలొస్తే

ఇది అత్తయ్యకి పెద్ద బెంగ. "చప్పటి కూడు పెట్టిందంటారు" అని. రోజు గిన్నె 23 దగ్గర ఉండగా మామయ్యగారి తమ్ముడు, మేం బాబయ్యగారు అంటాం, ఆయన భార్య వచ్చారు. ఆ పూటకి పాత కొలతలోకి పోదామన్నారు అత్తయ్య. నేను వద్దని, ఉప్పు కటోరీ తెచ్చి బల్ల మధ్యన పెట్టాను. మోనెల్ వాళ్ళదే ఇంకో ప్రయోగం ఉంది, 1987 నాటిది. వంటలో ఉప్పు తగ్గించి, బల్ల మీద ఉప్పు ఎంతైనా వేసుకోమని వదిలేస్తే, తగ్గించినదాంట్లో ఐదో వంతు కూడా జనం తిరిగి వేసుకోలేదట. అందుకని ఉప్పు దాచిపెట్టడం కన్నా ఎదురుగా పెట్టడమే మేలు.

బాబయ్యగారు పప్పు కలుపుకుని, ఒక ముద్ద తిని, కటోరీలోంచి రెండు వేళ్ళతో చిటికెడు తీసి చల్లుకున్నారు. చారులోకి ఇంకో చిటికెడు. భోజనాలయ్యాక కటోరీ తూచాను. నాలుగు గ్రాములు తగ్గింది, మామయ్యగారు మజ్జిగలో వేసుకున్నది కూడా కలిపి.